జర్మనీ వృద్ధుల బిల్లు వెనుక 1994 నాటి బేరం

జర్మనీలో సంరక్షణ గృహంలో కొత్తగా చేరే వృద్ధులు సొంతంగా కట్టవలసిన మొత్తం 2025 జూలై నాటికి సగటున నెలకు 3,108 యూరోలకు చేరడంతో తమ పనులు తాము చేసుకోలేనివారి ఖర్చుకు తోడ్పడే సంరక్షణ బీమాపై వాదం మళ్లీ రాజుకుంది. ఆరోగ్య మంత్రి నీనా వార్కెన్ అదే నెలలో కేంద్ర, రాష్ట్ర ప్రతినిధులను సంస్కరణల చర్చకు కూర్చోబెట్టారు. అవసరాన్నిబట్టి చేసిన శ్రేణుల్లో, కొద్దిపాటి సాయంతో నెట్టుకొచ్చే ఒకటో శ్రేణివారికి ఇచ్చే నెలకు 131 యూరోలను ఎత్తివేస్తారన్న వార్త శరదృతువులో గుప్పుమంది.

వృద్ధులు పెరిగారు కాబట్టి ఖర్చు పెరిగిందన్నది తరచూ వినిపించే సమాధానం. సంరక్షణ అవసరమైనవారు 1999లో 20 లక్షలుంటే, 2017లో అర్హతను విస్తరించి మతిమరుపు రోగులకు కూడా సరైన చోటు కల్పించాక, 2023 చివరికి 57 లక్షలయ్యారు. అయితే ఆ పెరిగిన ఖర్చు ఎవరి మీద పడాలన్నది 1994లోనే తేలిపోయింది.

అప్పటి కార్మిక మంత్రి నార్బర్ట్ బ్లూమ్ ఉద్యోగి, యజమాని చెరిసగం చందా కట్టే బీమాను ప్రతిపాదించారు. తమ వాటాకు పరిహారం కావాలని పరిశ్రమల యజమానులు పట్టుబట్టగా, ఉద్యోగులు ఒకరోజు ఎక్కువ పనిచేసేలా నవంబరులో ఒక బుధవారం వచ్చే ప్రొటెస్టెంట్ల ప్రాయశ్చిత్త దినపు సెలవును రద్దు చేశారు. సెలవును వదులుకోని సాక్సనీ రాష్ట్రంలో ఉద్యోగులు నేటికీ యజమానులకన్నా ఎక్కువ చందా కడుతున్నారు. 1995లో జీతంలో 1 శాతంగా మొదలైన చందా 2025లో 3.6 శాతానికి చేరింది. ఇంకా పెంచితే ఉద్యోగాలకే ముప్పని యజమానుల సంఘాలు అంటున్నాయి.

అసలు చిక్కు చందాలో కాదు, చందా తక్కువగా ఉంచడానికి ఎంచుకున్న పద్ధతిలో ఉంది. బీమా ఖర్చంతా భరించదు, శ్రేణినిబట్టి ఒక స్థిరమైన మొత్తాన్ని మాత్రమే ఇస్తుంది. సంరక్షణ గృహంలో ఉండే అత్యధిక శ్రేణివారికి నిర్ణయించిన 2,800 మార్కులు (యూరోకు ముందు జర్మనీ కరెన్సీ) యూరోల్లో 1,432గా మారాయే తప్ప, 2008 వరకు పెరగలేదు. ధరలు మాత్రం అన్నేళ్లూ ఆగలేదు. రెండో లోపం రాష్ట్రాలది: బీమా రావడంతో పేదసాయం పద్దులో మిగిలే సొమ్మును గృహాల నిర్మాణానికి వెచ్చిస్తాయని చట్టం ఆశించింది గానీ, ఇంత ఇచ్చి తీరాలని కట్టడి చేయలేదు. చాలాచోట్ల ఆ సొమ్ము రాలేదు. అందుకే నేటి బిల్లులో దాదాపు 500 యూరోలు కేవలం భవనాల ఖర్చు కింద వృద్ధులపై పడుతున్నాయి. ఈ సంగతిని బీమా సంస్థలు ఏటా గుర్తు చేస్తున్నా రాష్ట్రాలు కదలడం లేదు.

2022 సెప్టెంబరు నుంచి సంరక్షణ సిబ్బందికి కార్మిక ఒప్పందాల స్థాయి జీతాలివ్వాలన్న నిబంధన వచ్చింది. అది న్యాయమే. కానీ బీమా ఇచ్చేది స్థిరమైన మొత్తం కాబట్టి, పెరిగిన జీతం భారం చాలావరకు మంచంలో ఉన్న మనిషి బిల్లులోకే చేరింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ నేర్పించి పంపే నర్సులు అక్కడ ఏ సంరక్షణ గృహంలో కుదిరినా వారి జీతానికీ ఇదే లెక్క. బీమా నుంచి 2022లో మొదలైన అదనపు రాయితీ గృహంలో గడిపిన కాలాన్నిబట్టి పెరుగుతుంది. మొదటి ఏడాది సంరక్షణ ఖర్చులో తమ వాటాపై 15 శాతమే దక్కుతుంది.

వృద్ధులు పేదసాయం కార్యాలయం గడప తొక్కకూడదన్నది 1994లో చెప్పుకున్న ఆశయం. ఇప్పుడు గృహాల్లో ఉన్నవారిలో ఇంచుమించు మూడోవంతు మంది ఆ కార్యాలయం సాయంతోనే బిల్లు కడుతున్నారు.