సెల్‌ఫోన్‌లో తెలుగుకి ఎంత చోటు?

బ్యాంకు నుంచి వచ్చే ఎస్ఎంఎస్‌ని ఓసారి పరీక్షగా చూడండి. డబ్బు జమైనా ఖర్చయినా, అంకె ముందు ₹ గుర్తు కనపడటం అరుదు. ఆర్, ఎస్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలో, ఐఎన్ఆర్ అనే మూడక్షరాలో ఉంటాయి. ఆ గుర్తుని కేంద్ర ప్రభుత్వం 2010 జూలైలో ఆమోదించింది. నోట్ల మీదికి, నాణేల మీదికి, కిరాణా కొట్టు ధరల అట్టల మీదికి కూడా అది ఎప్పుడో వచ్చేసింది. ఎస్ఎంఎస్‌లో మాత్రం ఆ ఒక్క గుర్తు పెట్టగానే ఒక మెసేజ్ కాస్తా రెండు మూడు మెసేజ్‌లుగా మారిపోవచ్చు, పంపేవాళ్ల ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది. బ్యాంకులు, కంపెనీలు మనకి తెలుగులో ఎస్ఎంఎస్‌లు పంపకపోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. భాష మీద ప్రేమ ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు బిట్ల లెక్క ఉంది. బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే అతి చిన్న చోటు.

ఆ లెక్క 1980ల్లో యూరప్‌లో మొదలైంది. జీఎస్ఎం అనే కొత్త సెల్‌ఫోన్ ప్రమాణాన్ని తయారుచేస్తున్న ఇంజినీర్లకి ఒక ఆలోచన వచ్చింది. ఫోన్‌కీ టవర్‌కీ మధ్య మాటలు వెళ్లే దారి కాకుండా, కాల్ కలపడానికి కావాల్సిన సంకేతాలు వెళ్లే దారి ఇంకొకటి ఉంటుంది. అది చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీలో చిన్న చిన్న వాక్యాలు పంపితే? కాకపోతే సంకేతాల కోసం ఏర్పాటైన దారి కాబట్టి ఒక్కసారికి 140 బైట్లు, అంటే 1120 బిట్లు మాత్రమే పడతాయి. ఒక్కో అక్షరానికి 7 బిట్లు కేటాయిస్తే 160 అక్షరాలు. జర్మనీకి చెందిన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ 1985లో టైప్‌రైటర్ ముందు కూర్చుని, తోచిన వాక్యాలు, ప్రశ్నలు కొట్టి అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు. దాదాపు అన్నీ 160 లోపే వచ్చాయి. మనుషుల అవసరానికి ఇది చాలనుకున్నాడు. 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ కంప్యూటర్ నుంచి పంపిన క్రిస్మస్ శుభాకాంక్షలు మొదటి ఎస్ఎంఎస్‌గా వెళ్లాయి.

7 బిట్లతో 128 గుర్తులే సాధ్యం. ఆ 128 గడుల పట్టికలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు చేరాయి. జర్మన్, స్వీడిష్, స్పానిష్ వాళ్ల చుక్కల అక్షరాలు చేరాయి. గ్రీకు పెద్దక్షరాలు కొన్నిటికి చోటు దొరికింది. డాలరు, పౌండు, యెన్ గుర్తులు కూడా ఉన్నాయి. ఆ ప్రమాణం రాస్తున్నవాళ్లు యూరప్ కోసం రాస్తున్నారు, వాళ్లని తప్పుపట్టలేం. కానీ తర్వాత అదే పట్టిక ప్రపంచమంతా పాకింది, అందులో లేని లిపి ఏదైనా సరే వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ వేరే దారి యూనికోడ్, అంటే ప్రపంచ లిపుల్లోని గుర్తులకి ఒక్కోదానికి ఒక్కో సంఖ్య (కోడ్) ఇచ్చిన ఉమ్మడి పట్టిక. ఎస్ఎంఎస్‌లో అది వాడితే ఒక్కో కోడ్‌కి 16 బిట్లు. 1120ని 16తో భాగిస్తే 70. మెసేజ్‌లో ఒకే ఒక్క గుర్తు ఆ 7 బిట్ల పట్టికకి బయటిదైనా, మిగతా ఇంగ్లిష్ అంతా కూడా 16 బిట్లకి మారాలి. రూపాయి గుర్తు కథ ఇదే. మెసేజ్ పొడవైతే ముక్కలు చేస్తారు, ముక్కలని తిరిగి కలపడానికి ఒక చిన్న శీర్షిక పెడతారు, అదీ చోటు తింటుంది. దాంతో ముక్కకి 67 కోడ్‌లే మిగులుతాయి. 150 కోడ్‌ల తెలుగు మెసేజ్ మూడు ఎస్ఎంఎస్‌ల కింద లెక్క. అంతే పొడవున్న ఇంగ్లిష్‌కి ఒకటి చాలు.

పైగా ఇక్కడ కోడ్ అంటే మనం బడిలో నేర్చుకున్న అక్షరం కాదు. ‘స్త్రీ’ మన కంటికి ఒకటే అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమున్న గుడి అని ఆరు కోడ్‌లు. ‘రాష్ట్రం’ రెండక్షరాలు, ఎనిమిది కోడ్‌లు. ‘తెలుగు’ మూడక్షరాలు, ఆరు కోడ్‌లు. అందుకని 70 కోడ్‌ల తెలుగు మెసేజ్ అంటే నిజానికి ముప్ఫై నలభై అక్షరాల మాట.

దీనికి పరిష్కారం ఎప్పుడో కనిపెట్టారు, అది నన్ను బాధపెట్టే విషయం. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ, ఎస్ఎంఎస్ ప్రమాణంలో భాషల వారీగా వేరే 7 బిట్ల పట్టికలు చేర్చింది. ముందు టర్కిష్, స్పానిష్, పోర్చుగీసు వచ్చాయి. ఆ తర్వాతి విడతలో హిందీ, తమిళం, కన్నడం లాంటి పది మన దేశపు భాషలు చేరాయి. వాటిలో తెలుగు ఉంది. ‘ఈ మెసేజ్‌కి తెలుగు పట్టిక వాడండి’ అని మొదట్లో చెప్పే సూచనకి కొంచెం చోటు పోయినా, ఒక్క ఎస్ఎంఎస్‌లో 150కి పైగా తెలుగు కోడ్‌లు పడతాయి. అంటే ఇంగ్లిష్‌తో దాదాపు సమానం. అయినా బల్క్ ఎస్ఎంఎస్ పంపే కంపెనీలు ఇప్పటికీ తెలుగుని 70 లెక్కనే కడుతున్నాయి. ఎందుకంటే అందుకునే ఫోన్‌లో కూడా ఆ పట్టిక ఉండాలి. లేకపోతే అదే మెసేజ్ అర్థంలేని ఇంగ్లిష్, గ్రీకు అక్షరాల కలగాపులగంగా కనిపిస్తుంది. అవతలివాళ్ల చేతిలో ఏ ఫోన్ ఉందో పంపేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి వాడడు, ఎవరూ వాడరు కాబట్టి ఫోన్లు చేసేవాళ్లకి తొందర లేదు. ఇలాంటి ముడి మార్కెట్ విప్పదు, నియంత్రణ సంస్థలే విప్పాలని నా అభిప్రాయం.

వాట్సాప్ వచ్చాక ఎస్ఎంఎస్ గురించి ఇంత బాధ ఎందుకు అనిపించవచ్చు. కబుర్లకైతే నిజమే, ఇంటర్నెట్ మెసేజ్‌లకి ఈ 70 గొడవ లేదు. కానీ తుఫాను హెచ్చరిక సంగతి చూడండి. 2023లో కేంద్ర టెలికాం శాఖ దేశమంతా సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికలని పరీక్షించింది. ఫోన్ ఒక్కసారిగా గట్టిగా మోగి, తెర మీద పెద్ద పెట్టెలో సందేశం వచ్చింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఎస్ఎంఎస్ కాదు. ఎస్ఎంఎస్ ఒక్కో నంబరుకీ విడివిడిగా వెళ్లాలి, లక్షల మందికి పంపాలంటే నెట్‌వర్క్ కిక్కిరిసిపోతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవర్ రేడియో స్టేషన్‌లాగా ఒకే మాట ఒకేసారి పలుకుతుంది, దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ వింటాయి. నంబర్లు అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. కోస్తా జిల్లాలకి ఇంతకంటే పనికొచ్చే మొబైల్ సేవ ఇంకొకటి లేదు.

దానికీ కొలత ఉంది. ఒక పేజీకి 82 బైట్లు, గరిష్ఠంగా 15 పేజీలు. ఇంగ్లిష్‌లో అయితే 1395 అక్షరాలు పడతాయి, తెలుగులో 615 కోడ్‌లు. ఏ మండలం, ఎప్పుడు తీరం దాటుతుంది, గాలి ఎంత వేగంతో వీస్తుంది, ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ అందులోనే చెప్పాలి. చెప్పొచ్చు, కానీ ఇంగ్లిష్‌లో రాసినదాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే పట్టకపోవచ్చు. ‘తీవ్ర వాయుగుండం’, ‘అప్రమత్తంగా ఉండవలసిందిగా విజ్ఞప్తి’ లాంటి ఆఫీసు భాష ఇక్కడ చోటుని మింగేస్తుంది. ‘వేటకి వెళ్లొద్దు, వెంటనే షెల్టర్‌కి రండి’ అని నేరుగా తెలుగులోనే ఆలోచించి రాసేవాళ్లు ఆ కుర్చీలో ఉండాలి.

గాలిలో వచ్చిన కోడ్‌లు ఫోన్‌కి చేరాక రెండో కష్టం మొదలవుతుంది. వాటిని తెర మీద అక్షరాలుగా గీయాలి. ఆండ్రాయిడ్ తొలినాళ్ల ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే వరసగా ఖాళీ గడులు కనపడేవి. అప్పట్లో తెలిసినవాళ్లు ఒపెరా మినీ బ్రౌజర్ వేసుకుని, దాని లోపలి సెట్టింగుల్లోకి వెళ్లి, బిట్‌మ్యాప్ ఫాంట్ల ఎంపికని మార్చుకునేవారు. అప్పుడు కంపెనీ సర్వర్లే తెలుగు అక్షరాలని బొమ్మలుగా మార్చి ఫోన్‌కి పంపేవి. చదవడానికి తెలుగే, ఫోన్ దృష్టిలో మాత్రం చిన్న చిన్న ఫొటోలు.

ఫాంట్ ఒక్కటి పెడితే సరిపోదా? సరిపోదు. ‘క’కి తలకట్టు ఉంటుంది. గుడి ఇస్తే ‘కి’ అవుతుంది, తలకట్టు పోతుంది. ‘కై’లో ఐత్వం కోడ్ ఒకటే, గీతలు రెండు చోట్ల, పైన ఒకటి, కింద ఒకటి. ‘త్ర’లో ర కోడ్ త తర్వాత వస్తుంది, చాలా ఫాంట్లలో ఆ ఒత్తు మాత్రం కింది నుంచి ఎడమ పక్కకి చేరి కూర్చుంటుంది. ఈ నియమాలన్నీ తెలిసి, కోడ్‌ల వరసని చూసి, ఏ ఆకారం ఎక్కడ పెట్టాలో తేల్చే సాఫ్ట్‌వేర్ ఇంకొకటి కావాలి. ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. మనం రోజూ ఫోన్‌లో చదివే ప్రతి తెలుగు వాక్యం వెనక దాని శ్రమ ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో చిన్న పొరపాటు జరిగితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అనే అక్షరం ఒక పద్ధతిలో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. మెసేజ్ వచ్చిన యాప్ మూతపడేది, మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ ముందు తెరే పడిపోయేది. వార్తల్లో ఇది ‘తెలుగు అక్షరం దెబ్బ’గా తిరిగింది. అసలు కారణం జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు కోడ్‌ల మధ్య దూరిన అయిదో కోడ్. అది కంటికి కనపడదు, అక్షరాలని కలవకుండా ఆపడమే దాని పని. తెలుగులో మనకది నిత్యావసరం. ‘నెట్‌వర్క్’ అని రాయాలంటే ట, వ మధ్య అది ఉండాలి, లేకపోతే ‘నెట్వర్క్’ అని ట కింద వ ఒత్తు పడుతుంది. ఆ కోడ్ ఒత్తుకీ గుణింతానికీ మధ్య వచ్చేసరికి ఆపిల్ ప్రోగ్రామ్ మెమరీలో తప్పు చోట చెయ్యి పెట్టింది. మనీష్ గోరెగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ కొద్ది రోజుల్లోనే తవ్వి చూసి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా కొన్ని కలయికలు ఇదే పని చేస్తాయని చూపించాడు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. తప్పు ‘జ్ఞా’ది కాదు. కోట్ల మంది రాసే లిపులు పరీక్షల బల్ల మీదికి తగినంతగా రాకపోవడం వల్లే ఇలాంటివి అంతవరకు దొరకవు.

ఇంతకుముందే, 2016లో కేంద్ర ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. మన దేశంలో అమ్మే ప్రతి ఫోన్, చవకరకం బటన్ల ఫోన్ సహా, రాజ్యాంగం గుర్తించిన 22 భాషలనీ తెర మీద చూపించాలని, ఇంగ్లిష్, హిందీ, కనీసం మరొక భారతీయ భాషలో టైపు చేసే వీలుండాలని ఆదేశించింది. చూపించడం అన్ని భాషల్లో, రాయడం మూడు భాషల్లో. ఆ మూడోది ఏదన్నది ఫోన్ చేసేవాళ్ల ఇష్టం. చదవగలిగితే చాలు, రాయకపోయినా పర్లేదు అన్నట్టుంది. అయినా తప్పనిసరి అన్నాకే గడుల సమస్య చవక ఫోన్లలో కూడా తగ్గింది, ఆ మేలు ఒప్పుకోవాలి.

రాయడంలో తెలుగువాళ్లు తమ దారి తాము వేసుకున్నారు. ఇంగ్లిష్ అక్షరాల్లో మాట కొడితే తెలుగులోకి మారే కీబోర్డులు ఇప్పుడు ఎక్కువమందికి అలవాటు. ఐఐటీ బాంబే వాళ్ల స్వరచక్ర ఇంకో రకం: హల్లు మీద వేలు పెడితే దాని గుణింతం చక్రంలా చుట్టూ విచ్చుకుంటుంది. పిల్లలకి గుణింతం నేర్పిన క్రమమే అది, నాకు చాలా అందంగా అనిపిస్తుంది. 2017 ఆగస్టులో గూగుల్ మాటతో టైపు చేసే సదుపాయంలో తెలుగుని చేర్చింది. చదువు అంతగా లేని పెద్దవాళ్లు ఫోన్‌తో మాట్లాడి వెతుక్కోవడం అక్కణ్నుంచి మామూలైంది.

ఇప్పుడు ఇదే బిట్ల లెక్క కొత్త రూపంలో తిరిగొచ్చింది. ఫోన్‌లో మనం అడిగే ఏఐ మోడళ్లు వాక్యాన్ని టోకెన్లు అనే ముక్కలుగా కోసుకుంటాయి. ఏ ముక్కలుగా కోయాలో చెప్పే పట్టిక ఒకటి ముందే తయారై ఉంటుంది. ఇంగ్లిష్‌లో తరచూ వచ్చే మాట మొత్తం ఒకే ముక్క. పట్టికలో తెలుగు తక్కువైతే ఒక్కో కోడ్ కూడా రెండు మూడు ముక్కలవుతుంది. ముక్కల్ని బట్టే ఖర్చు, ముక్కల్ని బట్టే ఆలస్యం. 2024 మేలో ఓపెన్‌ఏఐ తన కొత్త మోడల్‌ని విడుదల చేస్తూ ఒక చిన్న పరిచయ వాక్యాన్ని ఉదాహరణగా చూపింది. పాత పట్టికతో ఆ వాక్యానికి తెలుగులో 159 టోకెన్లు పట్టేవి, కొత్త పట్టికతో 45 చాలు. ఇంగ్లిష్‌లో 27 నుంచి 24కి తగ్గింది. తెలుగు రాత్రికి రాత్రి తేలికైపోలేదు, పట్టిక మారిందంతే.

ఆ 45కీ 24కీ మధ్య ఉన్న తేడా మాత్రం ఇంకా దాదాపు రెట్టింపు. ఇంటర్నెట్ లేకుండా ఫోన్‌లోనే నడిచే చిన్న మోడళ్లు వస్తున్నాయి. వాటిలో మెమరీ తక్కువ కాబట్టి పట్టికలో ఏ భాషకి ఎన్ని ముక్కలన్నది మరింత గట్టి బేరం అవుతుంది. రైతులకి, పింఛనుదారులకి తెలుగులో జవాబు చెప్పే చాట్‌బాట్‌ల కోసం రెండు రాష్ట్రాల శాఖలూ టెండర్లు పిలిచేటప్పుడు, ఒక పేజీ తెలుగుకి ఎన్ని టోకెన్లు పడతాయో కాగితం మీద రాసివ్వమని కంపెనీలని అడగాలి. ఒక పేజీ ఇంగ్లిష్‌కి ఎన్నో కూడా దాని పక్కనే రాయించాలి.