పగ కాదర్రా, మతిమరుపు

చిరంజీవులారా,

మీలో ఒకరు అడిగారు: "తాతయ్యా, ఆ నవలలోలాగా డ్రైవరు లేని కారు నిజంగానే మనుషుల మీద పగబడుతుందా?" నవలలో కారుకు పగ ఉండాలి, లేకపోతే కథ నడవదు. నిజంగా జరిగింది అంతకన్నా చిన్న సంగతి. నాకు దానివల్లే ఎక్కువ భయం.

2018 మార్చి 18, రాత్రి పది కావస్తోంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, టెంపే ఊరు. ఒకావిడ సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు గంటకు దాదాపు 70 కిలోమీటర్ల వేగంతో తనంతట తానే వచ్చి గుద్దింది. ఆవిడ బతకలేదు. కారుకు రాడార్ ఉంది, కాంతి విసిరి అది తిరిగొచ్చే సమయాన్నిబట్టి దూరం కొలిచే లైడార్ కూడా ఉంది. 5.6 సెకన్ల ముందే దానికి ఆవిడ కనబడింది. మరెందుకు ఆగలేదు?

మునిమాపు వేళ మంచె మీద కూర్చున్న కాపలావాణ్ణి తలుచుకోండి. జొన్నచేను గట్టున ఏదో నల్లగా కదిలింది. "ఎద్దు" అనుకున్నాడు. కాసేపటికి "కాదు, పొద". మళ్ళీ "ఎద్దే". ఆ తర్వాత "పంది". మసక చీకట్లో పొరబడడం ఎవరికైనా ఉన్నదే. తెలివైనవాడు అదేమిటో తేలకపోయినా ఒకటి కనిపెడతాడు: ఇందాక తుమ్మచెట్టు దగ్గరుంది, ఇప్పుడు బావి దాటింది, అంటే చేలోకే వస్తోంది. వెంటనే వడిసెల అందుకుంటాడు. మనవాడికి మాత్రం ఒక జబ్బు. పేరు మార్చినప్పుడల్లా అది ఇంతకుముందు ఎక్కడుందో మరిచిపోతాడు. ప్రతిసారీ అప్పుడే మొలిచినట్టు చూస్తాడు.

ఆ కారు చేసిందీ అదే. "వాహనం" అంది, "ఇతరం" అంది, మళ్ళీ "వాహనం", తర్వాత "సైకిలు". పేరు మారిన ప్రతిసారీ పాత జాడ వదిలేసింది. జాడ లేకపోతే ఎటు పోతోందో లెక్క ఎలా కడుతుంది? పైగా, దాటడానికి గీసిన జీబ్రా గీతలు లేనిచోట కూడా మనుషులు రోడ్డు దాటతారని దానికెవరూ నేర్పలేదు.

ప్రమాదమని తేలేసరికి మిగిలింది 1.2 సెకన్లు, అంటే 23 మీటర్లు. ఆ వేగంలో బ్రేకు గట్టిగా పట్టినా బండి నిలవడానికి 27 దాకా కావాలి. అయినా అప్పుడే పట్టి ఉంటే దెబ్బ బాగా తగ్గేది. పట్టలేదు. ఉత్తుత్తి భయాలకు బ్రేకు పడకూడదని ఒక సెకను ఆగేలా రాసిపెట్టారు. మంచె మీదివాడికి "కేకవేసే ముందు ఒక గుటక మింగు" అని చెప్పినట్టు! కారుతోపాటు వచ్చిన అత్యవసర బ్రేకునూ పనిచేయకుండా ఆపి ఉంచారు. లోపల కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి ఫోను చూస్తోంది. అంతకుముందు బండికి ఇద్దరుండేవారు, ఒకరిని తగ్గించారు.

దూరం నుంచి ఎవరైనా కారును లొంగదీసుకోగలరా అంటే, అదీ జరిగింది. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే పరిశోధకులు ఇంట్లో కూర్చునే, హైవే మీద పోతున్న జీప్ చెరోకీలోకి పాటల పెట్టెకున్న మొబైల్ లింకు గుండా దూరారు. తయారీదారు 14 లక్షల బండ్లను సరిచేయాల్సి వచ్చింది. అది డ్రైవరున్న కారే సుమా.

ఈ సాయంత్రం లైట్లు వెలగకముందు అరుగు మీద కూర్చుని రోడ్డు చూడండి. దూరంగా వచ్చేది తోపుడు బండో, గడ్డిమోపు ఎత్తుకున్న మనిషో తేలకముందే, అయిదు లెక్కపెట్టేసరికి ఎక్కడికి చేరుతుందో చెప్పండి. మీ కళ్ళు ఎన్నిసార్లు పేరు మార్చినా జాడ మాత్రం వదలవు. అదెలాగో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఏమేం కనబడ్డాయో రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య