నాణెం తీసివ్వు నాన్నా

పిల్లలూ,

టీబీ అనగానే మీకు దగ్గే మనిషే గుర్తొస్తాడు. నిజమే, అది ఎక్కువగా ఊపిరితిత్తులకే వస్తుంది. కానీ అక్కడ చేరిన క్రిమి నెత్తుటిలో పడి ఎముకల దాకా పోగలదు. ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా ఉండి, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు లేస్తుంది. ఎముకల టీబీలో దాదాపు సగం వెన్నుపూసలదే. తర్వాత తుంటి, మోకాలు.

మామూలు చీముగడ్డ ఎర్రబడుతుంది, ముట్టుకుంటే కాలుతుంది. ఎముకల టీబీ వాపులో ఆ వేడి ఉండదు. ‘చల్లని గడ్డ’ అంటాం మేం. దగ్గూ ఉండకపోవచ్చు. ఆటలో తగిలిన దెబ్బేలే అని ఊరుకుంటారు, నెలలు గడిచిపోతాయి.

డాక్టరుగా పిల్లల్ని చూసే రోజుల్లో నేలమీద నాణెం పడేసి, తీసివ్వు నాన్నా అనేవాణ్ణి. నడుము బాగున్నవాడు గబుక్కున వంగి తీస్తాడు. వెన్నులో జబ్బున్నవాడు వంగడు. తొడమీద చెయ్యి ఆనించి, వీపు కర్రలా నిలిపి, మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చుని తీస్తాడు. నొప్పి ఉందా అంటే లేదనే అంటాడు, సూదిమందు భయం కదా!

తుంటికి వస్తే రాత్రిపూట బయటపడుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ కండరాలు కీలును బిగించి పట్టుకుంటాయి. నిద్రలో ఆ పట్టు సడలి కీలు కదిలేసరికి పిల్లాడు కెవ్వుమని లేస్తాడు. పీడకలేమో అని పెద్దలు జోకొడతారు. వారాలుగా కుంటుతూ, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతూ, బరువు తగ్గుతున్నవాడికి వచ్చేది పీడకల కాదు.

మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ తేలకపోవచ్చు, ఎమ్మారై స్కానులో ముందే కనబడుతుంది. అయినా సూదితో కాస్త చీము గానీ కండ గానీ తీసి పరీక్షిస్తేనే గట్టిగా చెప్పగలం.

సాధారణంగా మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత తగ్గిస్తారు. ఊపిరితిత్తుల టీబీకి మామూలుగా 6 నెలలు చాలితే, ఎముకకు చాలావరకు 12 నెలలు వాడాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, హడలిపోకండి. అసలు గండం నొప్పి తగ్గినప్పుడే. నయమైందనుకుని మానేస్తారు. మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి, ఈసారి మందుకు లొంగకపోవచ్చు కూడా.

ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. పూస కుంగి నరాలను నొక్కితే కాళ్లలో పట్టు పోతుంది, మూత్రం అదుపు తప్పుతుంది. అప్పుడు మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఊపిరితిత్తుల్లోనూ లేకపోతే ఇది పక్కవాళ్లకు అంటదు. మీ క్లాసులో ఎవరికైనా వస్తే, వాడి పక్కనుంచి లేచిపోకండి.

మీ డాక్టరు తాతయ్య