కాలికీ చక్రానికీ మధ్య: టర్బో ల్యాగ్ వెనక యాభై ఏళ్లు

1974 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో పోర్షే తన 911 టర్బోను బయటపెట్టింది. 3.0 లీటర్ల ఇంజిన్, 260 హార్స్‌పవర్. ఆ బలం ఎలా వస్తుందో కొన్నవాళ్లకు మొదటి గట్టి మలుపులోనే తెలిసింది. యాక్సిలరేటర్ తొక్కితే ముందు ఏమీ జరగదు. చాలలేదనుకుని ఇంకాస్త తొక్కుతారు. ఇంజిన్ 3,500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ప్రాంతానికి చేరేసరికి బలమంతా ఒక్కసారిగా వెనక చక్రాల మీద పడుతుంది. అప్పటికి కారు మలుపు మధ్యలో ఉంటుంది. భయపడి కాలు తీసేస్తే ఇంకా ప్రమాదం. ఇంజిన్ బరువంతా వెనకే కాబట్టి కారు తోక పక్కకు జారిపోతుంది. దానికి 'విడో మేకర్' (భార్యను విధవను చేసేది) అన్న పేరు ఊరికే రాలేదు.

టర్బో ల్యాగ్ అనే ఈ ఆలస్యం టర్బో పుట్టుకలోనే ఉంది. బయటికి పోయే పొగలోని శక్తిని వృథా చేయకుండా దానితో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపవచ్చని స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. పొగ టర్బైన్‌ను తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న కంప్రెసర్ గాలిని తోస్తుంది. చిక్కంతా ఒక్కటే. ఎక్కువ గాలి కావాలంటే ఎక్కువ పొగ రావాలి, ఎక్కువ పొగ రావాలంటే ముందు ఎక్కువ గాలి లోపలికి వెళ్లాలి. టర్బైన్ చక్రం స్పీడందుకునే దాకా డ్రైవర్ ఆగాల్సిందే. మామూలు ఇంజిన్‌లో అయితే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని తలుపు) తెరవగానే బయటి గాలి వెంటనే లోపలికి వస్తుంది. పాత 911 టర్బోకు ఇంకో లోటు కూడా ఉంది. ఒత్తిడికి పిస్టన్లు దెబ్బతినకుండా కంప్రెషన్‌ను (సిలిండర్‌లో గాలిని పిస్టన్ ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ నిష్పత్తిని) 6.5:1కి దించారు. దాంతో టర్బో అందుకోక ముందు ఇంజిన్ మరీ నీరసంగా ఉండేది.

నిజానికి కార్లలో టర్బో పెట్టడం పోర్షేతో మొదలవలేదు. 1962లోనే అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వెయిర్ టర్బోతో వచ్చాయి. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో వచ్చింది, కానీ అదే ఏడాది చమురు సంక్షోభం రావడంతో దాని కథ త్వరగా ముగిసింది. ఆలోచనలో నాకు ముఖ్యంగా కనిపించే మలుపు సాబ్‌ది. 1970ల చివర్లో 99 టర్బో చేసినప్పుడు వాళ్లు గరిష్ఠ బలం కోసం పాకులాడలేదు. చిన్న టర్బో పెట్టి, ఎక్కువైన పొగను వేస్ట్‌గేట్ అనే కవాటంతో టర్బైన్‌కు తగలకుండా పక్కకు వదిలేసి, రోజూ నడిపే వేగాల్లోనే లాగే గుణం తెచ్చారు. చిన్న చక్రం తేలిక, త్వరగా తిరుగుతుంది. ఈ రోజు మన రోడ్ల మీద తిరిగే 1.0 లీటర్ టర్బో పెట్రోల్ కార్ల వెనకున్నదీ ఆ ఆలోచనే.

స్పోర్ట్స్ కారుకు మాత్రం కింద స్పందనా కావాలి, పైన బలమూ కావాలి. 1986 నాటి పోర్షే 959లో రెండు టర్బోలను వంతులవారీగా పనిచేయించారు. తక్కువ వేగంలో ఒకటే తిరుగుతుంది, తర్వాత రెండోది కలుస్తుంది. 1995 నాటి 911 టర్బోలో ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి వచ్చాయి. 2006లో టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలు పెట్టారు. పొగ తక్కువున్నప్పుడు రెక్కలు దారిని ఇరుకు చేస్తాయి, పొగ జోరు పెరుగుతుంది. డీజిల్ కార్లలో ఇది అప్పటికే మామూలు. పెట్రోల్ ఇంజిన్ పొగ వేడి దాదాపు 1,000 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి, అంత వేడిలోనూ బిగుసుకుపోని లోహం కావాల్సి వచ్చింది.

ఇదే కాలంలో యాక్సిలరేటర్ కేబుల్ పోయి, దాని స్థానంలో సెన్సర్ వచ్చింది. ఇప్పుడు కాలు అడిగేది కంప్యూటర్‌ను. ఎంత, ఎప్పుడు ఇవ్వాలో అది తేలుస్తుంది. 2016 మోడల్ 911 టర్బో స్పోర్ట్ మోడ్‌లో కాలు కాసేపు తీసినా థ్రాటిల్‌ను తెరిచే ఉంచి పెట్రోల్ మాత్రం ఆపేది, టర్బో నెమ్మదించకుండా. 2015లో ఫెరారీ 488 జీటీబీ తెచ్చినప్పుడు, మూడో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర స్పందన 0.8 సెకన్లని కంపెనీ చెప్పింది. పైగా కింది గేర్లలో టార్క్‌ను (ఇంజిన్ తిప్పే బలాన్ని) కావాలనే తగ్గించి, టర్బో లేని ఇంజిన్‌లా క్రమంగా పెరిగేలా చేసింది. నా దృష్టిలో ఈ పని అర సెకను తగ్గించడం కన్నా గొప్పది. ఆలస్యానికి డ్రైవర్ అలవాటు పడగలడు. ఎంత వస్తుందో ముందే తెలియకపోతే మలుపులో కాలు ధైర్యంగా పెట్టలేడు. 1974 కారులో అసలు లోపం అదే.

2024లో 911 కరెరా జీటీఎస్‌తో పోర్షే మళ్లీ ఒకే టర్బోకు వచ్చింది. ఈసారి టర్బైన్‌కూ కంప్రెసర్‌కూ మధ్య ఎలక్ట్రిక్ మోటారు ఉంది. పొగ కోసం ఆగకుండా మోటారే టర్బో చక్రాన్ని తిప్పేస్తుంది, పొగ ఎక్కువైనప్పుడు అదే జనరేటరై కరెంటు తీస్తుంది. అంతకు రెండేళ్ల ముందే మెర్సిడెస్-ఏఎంజీ కూడా ఇలాంటి టర్బోను రోడ్డు కార్లలో పెట్టింది. ఈ పద్ధతి 2014 నుంచి ఫార్ములా వన్ ఇంజిన్లలో పండింది. అయితే ఖర్చు, సంక్లిష్టత ఎక్కువని 2026 నిబంధనల్లో అక్కడ ఆ మోటారును తీసేశారు. రేసు కార్లలో టర్బోను తిప్పే పని మళ్లీ పొగదే అయింది.