1994 జూలై 30కి ముందు పెళ్ళయిన ఆడబిడ్డలు

బెంగళూరు శివార్లలోని సర్జాపుర, వర్తూరు, యలహంక వైపు తెలుగు రైతు కుటుంబాల్లో ఆడబిడ్డల వాటా గొడవ మళ్ళీ పైకొచ్చింది. పొలం బిల్డరు చేతికి వెళ్ళాలంటే అక్కచెల్లెళ్ళు తమ వాటా వదులుకుంటున్నట్టు రాసే రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టాలి. వాళ్ళు పెట్టనంటున్నారు. పెళ్ళిళ్ళు చేశాం, పసుపు కుంకుమ కింద ఇవ్వాల్సింది ఇచ్చాం, ముసలివాళ్ళను మేమే చూసుకున్నాం అన్నది అన్నదమ్ముల వాదన. అక్కచెల్లెళ్ళ పట్టుదల ఎక్కడిదో తెలియాలంటే మాత్రం 1994 జూలై 30 దగ్గర ఆగాలి.

1956 హిందూ వారసత్వ చట్టం, ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా ఇచ్చిన హక్కు గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, తమిళనాడులో 1989 మార్చి 25 నుంచి అమలైంది. కర్ణాటక సవరణ చట్టం పేరులో 1990 అని ఉన్నా, అమల్లోకి వచ్చింది 1994 జూలై 30న. ఆంధ్ర చట్టంలో ఉన్న షరతే ఇందులోనూ పెట్టారు: అమలు తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి ఈ హక్కు లేదు. దాంతో 1991లో పెళ్ళయిన హిందూపురం అమ్మాయికి ఉమ్మడి ఆస్తిలో అన్నతో సమాన వాటా. అదే ఏడు పెళ్ళయిన యలహంక అమ్మాయికి ఆ వాటా లేదు.

ఆ షరతు ఎంత నష్టం చేసిందో లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఆరెకరాల పిత్రార్జితం, తల్లి లేదు, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. భాగాలు పంచకుండా, వీలునామా రాయకుండా తండ్రి పోయాడనుకుందాం. 1956 చట్టం ప్రకారం తండ్రికీ కొడుక్కీ చెరి మూడెకరాలు. తండ్రి మూడూ ముగ్గురు పిల్లలకు వస్తాయి కాబట్టి కూతుళ్ళకు తలా ఎకరం. 1994 తర్వాత, పెద్దమ్మాయికి ముందే పెళ్ళయి చిన్నమ్మాయికి కాకపోతే, మొదట తండ్రి, కొడుకు, చిన్నమ్మాయి తలా రెండెకరాలకు హక్కుదారులు. తండ్రి రెండెకరాలే ముగ్గురికీ పంచాలి. పెద్దమ్మాయికి దక్కేది దాదాపు 27 గుంటలు (ఎకరానికి 40 గుంటలు). అంటే ఆడవాళ్ళ కోసం తెచ్చిన చట్టంతో ఆమె పాత ఎకరం కూడా తగ్గింది! చెల్లెలికి ఆమెకన్నా నాలుగు రెట్లు. పెళ్ళి ముహూర్తం కాస్త ముందుగా కుదరడమే ఆమె చేసిన తప్పు.

ఇది తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, బెంగళూరు చుట్టుపక్కల పొలాలు లేఅవుట్లుగా మారిన కాలం కూడా అదే. భూమి విలువ పెరిగినప్పుడు ఆ ఆడబిడ్డలు లెక్కలో లేరు.

2005 సెప్టెంబరు 9న కేంద్రం దేశమంతటికీ సవరణ తెచ్చి పెళ్ళి షరతు తీసేసింది. పై లెక్కలో ఇప్పుడు ముగ్గురికీ రెండేసి ఎకరాలు. అయినా గొడవ ఆగలేదు. కర్ణాటక నుంచి వెళ్ళిన ఒక కేసులో 2015లో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉంటేనే హక్కు అంది. 2018లో, అదీ కర్ణాటక కేసే, తండ్రి 2001లో పోయినా కూతుళ్ళకు వాటా ఇచ్చింది. ఈ చిక్కును 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీల ధర్మాసనం విప్పింది: హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదు.

అందుకే ఇప్పటి తగాదాలు పాలుపట్టి చుట్టూ తిరుగుతున్నాయి. ఎప్పుడో పెద్దమనుషుల ముందు భాగాలు పంచుకున్నామంటూ అన్నదమ్ములు చూపే, రిజిస్టర్ కాని కాగితం అది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను కేంద్ర చట్టం కదిలించదు గానీ, వాటికి రిజిస్టర్డ్ పత్రమో కోర్టు డిక్రీయో కావాలంటుంది. నోటిమాట పంపకాలను అరుదైన సందర్భాల్లో, అదీ ప్రభుత్వ రికార్డుల బలం ఉంటేనే ఒప్పుకోవాలని 2020 తీర్పు గట్టిగా చెప్పింది. కాబట్టి సంతకం పెట్టే ముందు ఆ కాగితం రిజిస్టర్ అయిందా అని అడిగే హక్కు అక్కచెల్లెళ్ళకుంది.

2004 డిసెంబరు 20కి ముందే అన్నదమ్ములు పంపకాలను పద్ధతి ప్రకారం రిజిస్టర్ చేయించుకున్న ఇళ్ళలో మాత్రం, 1994కి ముందు పెళ్ళయిన ఆడబిడ్డకు 2005 సవరణ వల్ల గానీ 2020 తీర్పు వల్ల గానీ ఒక్క గుంట కూడా కలవలేదు.