దజాయ్ మరిచిపోయిన పేరు

మా చెల్లెలి కూతురు నెల్లూరు నుంచి గూడూరు కాలేజీకి రైల్లో వెళ్లివస్తూ జపాన్ రచయిత ఒసాము దజాయ్ నవల 'నింగెన్ షిక్కకు' చదివింది. మనిషిగా అర్హత పోగొట్టుకున్నవాడు అని ఆ పేరుకు అర్థం. దజాయ్ పేరుతో ఒక పాత్ర ఉన్న యానిమే (జపాన్ బొమ్మల సీరియల్) చూసి ఈ పుస్తకం పట్టుకుందట. అందులో ఆ పాత్ర ఆడవాళ్లను 'కలిసి చనిపోదాం' అని అడగడం నవ్వించడానికి పెట్టారు. నాకు మనసు చివుక్కుమంది.

"ఇదంతా ఆయన కథేనా పెద్దమ్మా?" అంది.

చాలావరకు ఆయనదే. దజాయ్ 1909లో ఉత్తర జపాన్‌లో భూస్వాముల ఇంట పుట్టాడు. అంతకు రెండేళ్ల ముందే తయామా కతాయ్ అనే రచయిత తన శిష్యురాలి మీద మోహాన్ని దాచకుండా నవలిక రాశాడు. తన సిగ్గును తానే బయటపెట్టుకునే రచనకు అక్కడ అలా గౌరవం పెరిగింది. దజాయ్ మాత్రం ఈ నవలలో యోజో అనే పాత్ర చేత మూడు నోటుబుక్కులు రాయించి, ముందూ వెనకా వేరే మనిషి మాటలు చేర్చాడు. ఒప్పుకోలా, కల్పనా అనే తగువు అందుకే తెగలేదు.

1930లో కమకురా తీరంలో ఆయన ఒక అమ్మాయితో కలిసి చనిపోబోయాడు. పేరు తనాబె షిమెకో. కెఫేలో పనిచేసేది, ఇరవై ఏళ్లు నిండలేదు. ఆమె పోయింది, ఆయన బతికాడు. ఇంటివాళ్ల పలుకుబడితో కేసు ఆగిపోయింది. నవలలో యోజో, తనతో చావడానికి వచ్చిన ఆ మనిషి పేరు కూడా సరిగా గుర్తులేదంటాడు. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. అతని మీద జాలి కలగక మానదు, నాకూ కలిగింది. మరి ఆమె మాట ఎవరు రాస్తారు? మన గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' కూడా ఈ నవలలాగే 1940ల నాటిదే. అక్కడ కథ బయటినుంచి నడుస్తుంది కాబట్టి సీతారామారావు పతనంతోపాటు ఇంట్లోవాళ్ల బాధా కనిపిస్తుంది.

1948 జూన్‌లో, నవల పత్రికలో వస్తుండగానే, దజాయ్ యమజాకి టొమియె అనే ఆమెతో కలిసి ప్రాణం తీసుకున్నాడు. టొమియె డైరీ తర్వాత అచ్చయింది. షిమెకోకు అదీ లేదు.

ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు మిగిలారు. చిన్నదానికి అప్పుడు ఏడాది. ఆ పాపే పెద్దయ్యాక యూకో త్సుషిమా పేరుతో పెద్ద రచయిత్రి అయింది, పిల్లల్ని ఒంటరిగా పెంచుకునే తల్లుల గురించి రాసింది. ఆమె నవల ఒకటి తెప్పించి మా పిల్లకిచ్చాను. ఇప్పుడు రైల్లో అది చదువుతోంది.