జైల్లో ట్రామా చికిత్స: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను సైకాలజిస్టుని. వారానికి రెండు రోజులు జైల్లో మహిళా ఖైదీలతో ట్రామాకి, అంటే హింస లాంటి అనుభవాలు మనసుకి చేసిన లోతైన గాయానికి, గ్రూప్ సెషన్లు చేస్తాను. ఈ పని గురించి చెప్పగానే ఇంట్లోవాళ్ల దగ్గర్నుంచి లాయర్ల దాకా చాలామంది అనే మాటలే ఇవి.

అపోహ: నేరం చేసినవాళ్లకి చికిత్స ఎందుకు? బాధితుల సంగతి చూడండి.

వాస్తవం: జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) 2022 లెక్కల ప్రకారం మన జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్ల నేరం ఇంకా రుజువు కాలేదు. ఇక శిక్ష పడినవాళ్లలోనూ చిన్నప్పటి దెబ్బలు, భర్త హింస, లైంగిక దాడి అనుభవించినవాళ్లు నాకు ప్రతి గ్రూపులో కనిపిస్తారు. బాధితురాలు, నిందితురాలు ఒకే మనిషి కావచ్చు. చికిత్స వల్ల తీర్పు మారదు, శిక్ష తగ్గదు. మనిషి కాస్త నిద్రపోగలుగుతుంది.

అపోహ: జరిగిందంతా చెప్పించేస్తే మనసు తేలికపడుతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టే అపోహ ఇదే. పొద్దున నేను గాయాన్ని కెలికి వెళ్లిపోతే, సాయంత్రం లాకప్ అయ్యాక బారక్‌లో ఆమెను ఎవరు చూసుకుంటారు? గతాన్ని నేరుగా ఎదుర్కొనే చికిత్సలు ఉన్నాయి, అవి పనిచేస్తాయి కూడా. కానీ వాటికి క్రమం తప్పని సెషన్లు, తర్వాత పట్టించుకునే మనిషి కావాలి. విచారణ ఖైదీకి రేపే బెయిల్ రావచ్చు, సెషన్ రోజునే కోర్టుకి వెళ్లాల్సి రావచ్చు.

అందుకే సీకింగ్ సేఫ్టీ లాంటి పద్ధతులు జైలుకి బాగా సరిపోతాయి. అందులో 25 అంశాలుంటాయి. దేనికదే పూర్తి, వరుస తప్పినా నష్టం లేదు. ట్రామానీ మత్తు అలవాటునీ కలిపే చూస్తారు. గతాన్ని వివరంగా చెప్పమని అడగరు, ఇవాళ్టి రోజు క్షేమంగా గడిచే మార్గాలు నేర్పుతారు.

ఒకామె తాళాల గుత్తి చప్పుడు వింటే చాలు, వణికిపోయేది. పాదాలు నేలకి గట్టిగా ఆనించి, "ఇది జైలు తాళం. ఇవాళ మంగళవారం. నా పక్కన అక్క ఉంది" అని చెప్పుకోవడం నేర్చుకుంది. అంతవరకు రావడానికే నెలలు పట్టింది. ఆ తాళం వెనకున్న కథ నేను ఇప్పటికీ అడగలేదు.

అపోహ: ధ్యానం నేర్పిస్తున్నారుగా, అది చాలదా?

వాస్తవం: 1994లో తిహార్ జైల్లో వెయ్యి మందికి పైగా ఖైదీలు విపశ్యన శిబిరంలో కూర్చున్నారు. ధ్యానంతో మేలు పొందినవాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ ట్రామా ఉన్న కొందరికి కళ్లు మూసుకోగానే పాత దృశ్యాలే ముందుకొస్తాయి. మా గ్రూపులో కళ్లు తెరిచే ఉంచవచ్చు, మధ్యలో లేచి నిలబడవచ్చు.

అపోహ: ఇదంతా అధికారుల దయ.

వాస్తవం: కాదు. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

అపోహ (ఇది ఖైదీలది): మేడంకి చెప్పింది పోలీసులకి చేరుతుంది.

వాస్తవం: ఈ భయం తీరకపోతే ఏ చికిత్సా సాగదు. అందుకే కేసు వివరాలు నాకు చెప్పొద్దని మొదటి రోజే అంటాను. ప్రాణం తీసుకోవాలనిపిస్తే, లేదా ఇంకొకరికి హాని చేసే ఆలోచన ఉంటే మాత్రం దాచలేనని కూడా ముందే చెబుతాను. వార్డర్‌ని తలుపు బయట, మేం కనిపించేలా, మా మాటలు వినబడనంత దూరంలో కూర్చోమని అడుగుతాను.